సెల్లార్‌లో ఊరే నీరు సెప్టిక్ ట్యాంకులోకి పోవచ్చా?

ప్రశ్న: మాది విశాఖ మధురవాడలో కొండ వాలున కట్టిన రెండంతస్తుల ఇల్లు. సెల్లార్ నేల రోడ్డు కంటే 4 అడుగులు పల్లం. వానాకాలంలో వెనుక గోడ అడుగు నుంచి నీరు ఊరుతుంటే, మూలన రెండున్నర అడుగుల చదరపు గుంత తవ్వించి, నీటి మట్టం పెరిగితే దానంతటదే ఆడించే ఫ్లోట్ స్విచ్‌తో 1 హెచ్‌పీ మోటారు పెట్టించాం. సెల్లార్‌లోని వాషింగ్ మెషీన్ నీరు కూడా ఆ గుంతలోకే పోతుంది. వీధి కాలువ దాకా పైపు వేస్తే ఖర్చని ప్లంబరు మోటారు పైపును పెరట్లోని సెప్టిక్ ట్యాంకుకు కలిపారు. ట్యాంకు లోపల 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, నీటి లోతు 4 అడుగులు. దాని పక్కనే, సెల్లార్ వెనుక గోడకు 8 అడుగుల దూరంలో, 4 అడుగుల వ్యాసం, 6 అడుగుల లోతున్న ఇంకుడు గుంత ఉంది. ఇంట్లో ఐదుగురం. వాన రోజుల్లో మోటారు అరగంటకోసారి ఆడుతుంది. రెండు నిమిషాల్లో గుంతలో నీరు 2 అడుగులు దిగి ఆగిపోతుంది. వాన తెరిపిచ్చిన వారానికి కూడా గంటకోసారి ఆడుతూనే ఉంటుంది. కింది అంతస్తు మరుగుదొడ్డిలో నీరు బుడబుడమంటూ పైకి వస్తోంది. ట్యాంకు తీయించినా రెండు వారాలకే మళ్లీ నిండింది. పెద్ద ట్యాంకు కట్టించమని ప్లంబరు, మోటారు పైపును వీధిలోని యూజీడీ (భూగర్భ మురుగు లైను) మ్యాన్‌హోల్‌లో కలపమని మా బావగారు అంటున్నారు. ఏది సరైనది?

— ఒక గృహస్థుడు, మధురవాడ

సమాధానం: ఇద్దరి సలహాలూ మీ గుంతలోని నీటికి సరిపోవు. బావగారి మాటలో సగం మాత్రం చాలా విలువైనది, దాని సంగతి తరువాత రాస్తాను. ముందు చేయవలసింది ఒక్కటే: మోటారు పైపును సెప్టిక్ ట్యాంకు నుంచి విడదీయడం. మీరు కొలతలన్నీ ఓపికగా రాసినందువల్ల ఎందుకో లెక్కతోనే చెప్పవచ్చు.

మీ ట్యాంకులో నీరు పట్టే భాగం 128 ఘనపుటడుగులు, అంటే దాదాపు 3,600 లీటర్లు. అడుగున మడ్డి, పైన తెట్టు కలిసి మూడో వంతు ఆక్రమించాయనుకున్నా 2,400 లీటర్ల చోటు మిగులుతుంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకాన్ని ప్రమాణంగా తీసుకుంటారు కాబట్టి ఐదుగురి ఇంటి నుంచి రోజుకు వచ్చే నీరు 675 లీటర్లు. ఈ లెక్కన మురుగు మీ ట్యాంకులో మూడున్నర రోజులు నిలుస్తుంది. బరువైనది అడుగుకు దిగడానికి, నూనె, జిడ్డు పైకి తేలడానికి, మధ్యలోని తేటనీరు మాత్రమే ఇంకుడు గుంతకు పోవడానికి ఆ వ్యవధి ధారాళంగా సరిపోతుంది. అంటే మీ ఇంటికి మీ ట్యాంకు చిన్నది కాదు, నిజానికి కొంచెం పెద్దదే.

ఇప్పుడు మోటారు లెక్క చూడండి. రెండున్నర అడుగుల చదరపు గుంతలో నీరు 2 అడుగులు దిగిందంటే పన్నెండున్నర ఘనపుటడుగులు, సుమారు 350 లీటర్లు, రెండు నిమిషాల్లో ట్యాంకులో పడుతున్నాయి. అరగంటకోసారి చొప్పున రోజుకు 48 సార్లు ఆడితే 16,800 లీటర్లు. ఇల్లంతా కలిసి వదిలే మురుగుకు ఇది దాదాపు 25 రెట్లు. రెండూ కలిపితే రోజుకు సుమారు 17,500 లీటర్లు, కాబట్టి మూడున్నర రోజులు నిలవవలసిన మురుగు మూడు గంటల చిల్లరలోనే బయటికి గెంటబడుతోంది. పైగా అది నెమ్మదిగా వచ్చి చేరే నీరు కాదు. మోటారు ధార పడినప్పుడల్లా అడుగున పేరుకున్న మడ్డిని కవ్వం పెట్టినట్టు చిలికి, ఆ కలకనంతా ఇంకుడు గుంతకు పంపుతుంది.

ఇంకుడు గుంత పరిస్థితి ఇంకా కష్టం. మీరిచ్చిన కొలతలతో దాని గోడల వైశాల్యం సుమారు 7 చదరపు మీటర్లు. సెప్టిక్ ట్యాంకు నీటిని నేలలోకి ఇంకించే విధానానికి ఐఎస్ 2470 రెండో భాగం అనే భారతీయ ప్రమాణం ఉంది. నీరు నిమిషానికే అంగుళం ఇంకిపోయే నేలలో కూడా చదరపు మీటరుకు రోజుకు 204 లీటర్లకు మించి వదలవద్దని, అంగుళం ఇంకడానికి అరగంట పట్టే నేలలో 37 లీటర్లే వదలమని అది చెబుతుంది. మీ గుంత అత్యుత్తమమైన నేలలో ఉన్నా రోజుకు 1,400 లీటర్లు దాటి తీసుకోలేదు. విశాఖ కొండల వాలుల్లో ఖొండలైట్ రాయి చివికి బంకమన్నుగా మారిన పొరలు ఎక్కువ కాబట్టి మీ నేలను అంత మంచి నేలగా లెక్కవేయడం సాహసం. అలాంటి గుంత మీద రోజుకు 17,500 లీటర్లు పోస్తే అది నిండి, ఆ నీరు ట్యాంకులోకి, ట్యాంకు నుంచి పైపులోకి వెనుదన్ని, చివరికి ఇంట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న మరుగుదొడ్డిలో బుడబుడమంటుంది. ట్యాంకు ఖాళీ చేయించినా రెండు వారాలకే నిండడానికి కారణం అదే. నిజానికి మోటారు ఆ జోరున ఆడితే ఐదారు గంటలు చాలు. పెద్ద ట్యాంకు కట్టించినా ఈ లెక్క మారదు. వాన రోజున ఒక్క దినం నిలవ కోసమే 17,500 లీటర్ల ట్యాంకు కావాలి, దాని వెనుక ఇంకుడు గుంత మాత్రం అదే ఉంటుంది.

వీలైతే ఇంకుడు గుంత మూత తీయించి పై నుంచి టార్చిలైటు వేసి చూడండి. లోపలికి ఎవరూ వంగకూడదు, దిగకూడదు. గోడ ఇటుకల సందుల్లో నల్లని జిగురు పట్టి, దాని మీద బూడిద రంగు దూది పొరలాంటిది అంటుకుని కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఆ జిగురు మడ్డి నుంచి వచ్చింది. ఆ దూది మీ వాషింగ్ మెషీన్ వదిలిన బట్టల పీచు. పాలియెస్టర్ పీచు కుళ్లదు, మడ్డితో కలిసి సందులను పూడ్చేస్తుంది. జిగురు ఒకసారి ముదిరాక ట్యాంకును ఎన్నిసార్లు తీయించినా గుంత నీరు పీల్చుకోదు. కొన్ని నెలలు పూర్తిగా ఆరబెడితే కొంత కోలుకోవచ్చు, లేదంటే మరోచోట కొత్త గుంత తవ్వుకోవలసిందే.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసిన మాట, వాన ఆగిన వారానికి కూడా మోటారు గంటకోసారి ఆడుతోందన్నది. కొండ వాలులో ఊట కొన్ని రోజులు కొనసాగడం సహజమే. చివికిన రాతి పగుళ్లలో నిలిచిన నీరు తీరిగ్గా కిందికి దిగుతుంది. కానీ మీ ఇంకుడు గుంత సెల్లార్‌కు ఎగువ వైపు, 8 అడుగుల దూరంలోనే ఉంది. నివసించే కట్టడానికి ఇంకుడు గుంత 6 మీటర్ల కంటే దగ్గరగా ఉండకూడదని ఆ ప్రమాణమే చెబుతుంది. మీది రెండున్నర మీటర్లు కూడా లేదు. కాబట్టి మోటారు తోడిన నీరు ట్యాంకులోకి, అక్కడి నుంచి ఇంకుడు గుంతలోకి, గుంత నుంచి మట్టిలోంచి మళ్లీ సెల్లార్ గోడ అడుగుకు చేరుతోందని నా గట్టి అనుమానం. అదే నిజమైతే కరెంటు బిల్లు కట్టి మీరు ఒకే నీటిని తిప్పి తిప్పి తోడుతున్నారు, పైగా అది మురుగు కలిసిన నీరు.

ఈ అనుమానం తీర్చుకోవడానికి ఇంజినీరును పిలవనక్కర్లేదు. వాన లేని రెండు రోజులు చూసుకుని, వాషింగ్ మెషీన్ వాడకం ఆపి, మోటారు పైపును ట్యాంకు దగ్గర ఊడదీసి, దానికి సాగే గొట్టం తగిలించి ఇంటి ముందు కాలువలోకి వదలండి. మొదటి రోజు, రెండో రోజు మోటారు ఎన్నిసార్లు ఆడిందో రాసుకోండి. అంతకుముందు రోజు లెక్కతో పోలిస్తే సగానికి సగం తగ్గిందంటే నీరు తిరుగుడులో ఉన్నట్టే. పెద్దగా తేడా లేకపోతే అది కొండ ఊటే కావచ్చు, లేదా ఎక్కడో పైపు కారుతూ ఉండవచ్చు. మరుగుదొడ్డిలో రంగు పోసి సెల్లార్ గుంతలో తేలుతుందేమో చూసే పద్ధతి కూడా ఉంది. రంగు కనిపిస్తే సందేహం తీరుతుంది. మట్టి రంగును పీల్చేస్తుంది కాబట్టి కనిపించకపోయినంత మాత్రాన మురుగు రావడం లేదని నిశ్చయించుకోకండి.

కుళాయి పైపు కారుతోందేమో కూడా ఈ సందర్భంలోనే చూసుకోవడం మంచిది. రాత్రి పడుకునే ముందు తాగునీటి సంపుకు వచ్చే వాల్వు కట్టి, సంపు నుంచి పైకి ఎక్కించే మోటారు ఆపి, సంపు గోడ మీద నీటి మట్టానికి సుద్దతో గీత గీయండి. తెల్లవారేసరికి మట్టం దిగితే సంపుకు బీట ఉన్నట్టే. సెల్లార్ గుంత నీటిలో క్లోరిన్ చుక్కల పరీక్ష చేసి రంగు వస్తే కుళాయి నీరు కలుస్తున్నదని అర్థం. మట్టిలోంచి వచ్చేటప్పుడు క్లోరిన్ హరించుకుపోవచ్చు కాబట్టి రంగు రాకపోతే ఏమీ తేలనట్టే లెక్క. తాగునీటి సంపు ఎక్కడుందో మీరు రాయలేదు. అది కూడా పెరట్లో, ఇంకుడు గుంతకు దగ్గరలో ఉంటే ఈ విషయాన్ని మరుగుదొడ్డి కంటే ముందు పట్టించుకోండి. సంపు ఖాళీ అయినప్పుడు బయటి మట్టిలోని నీరు బీటల గుండా లోపలికి వస్తుంది. నీటిలో మురుగు క్రిములున్నాయేమో తెలిపే హెచ్2ఎస్ పరీక్ష సీసాలో సంపు నీరు నింపి ఒకటి రెండు రోజులు వెచ్చని చోట ఉంచండి. నీరు నల్లబడితే సంపు కడిగించి బాగుచేయించేదాకా కాచి చల్లార్చిన నీళ్లే తాగండి.

ఇక బావగారి మాట. మీ వీధిలో యూజీడీ లైను పనిచేస్తూ ఉంటే అందులో కలపవలసింది మరుగుదొడ్ల, స్నానాల గదుల, వంటింటి నీటిని. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) అనుమతితో ఆ కనెక్షన్ తీసుకుంటే మీకు సెప్టిక్ ట్యాంకుతో, ఇంకుడు గుంతతో పనే ఉండదు. సెల్లార్‌కు ఎగువన మురుగు ఇంకించడం ఆగిపోతుంది కాబట్టి తిరుగుడు నీటి బెడదా తీరుతుంది. నన్నడిగితే డబ్బు పెట్టదలచుకున్న చోటు అదే. ఆ తరువాత ట్యాంకును బండితో ఖాళీ చేయించి, అడుగున రంధ్రాలు కొట్టించి, ఇసుకతోనో గ్రావెల్‌తోనో పూడ్చేయాలి. కానీ సెల్లార్ ఊటను మాత్రం మ్యాన్‌హోల్‌లో కలపవద్దు. ఆ పైపులను మురుగు పరిమాణానికే లెక్కకట్టి వేస్తారు. వాలులో ఉన్న ఇళ్లన్నీ వాన నీటిని అందులో వదిలితే లైను నిండి, మీ బాధే మీకు దిగువనున్న వాళ్ల మరుగుదొడ్లకు చుట్టుకుంటుంది. మీ కింది అంతస్తు గచ్చు వీధి మ్యాన్‌హోల్ మూత కంటే పల్లంలో ఉంటే, కనెక్షన్ ఇచ్చేటప్పుడే వెనక్కి తన్నకుండా ఆపే వాల్వు వేయించండి.

యూజీడీ ఇంకా మీ వీధికి రాకపోతే సెప్టిక్ ట్యాంకును ఉన్నచోటే ఉంచి, ఇంకుడు గుంతను మాత్రం సెల్లార్‌కు, తాగునీటి వనరులకు దూరంగా మార్చాలి. బావి ఉంటే కనీసం 18 మీటర్ల ఎడం కావాలి. వానాకాలంలో భూగర్భ జలం నేల మట్టానికి 180 సెంటీమీటర్ల లోపుకు వచ్చే స్థలమైతే గుంత పద్ధతే పనికిరాదు. అక్కడ నేల మట్టానికి పైన మట్టి దిబ్బ పోసి, అందులో ఇంకించే కందకం కట్టాలి. స్థలం చాలదనుకుంటే స్థానిక ఇంజినీరుకు చూపించి వేరే శుద్ధి పద్ధతి ఎంచుకోండి. ఉత్తరం చదివి ఆ నిర్ణయం చేయడం తగదు.

ఊట నీరు వెళ్లవలసింది వీధి వాన కాలువలోకి. అది గెడ్డలో (వాగులో) కలిసి సముద్రానికి పోతుంది. ప్రహరీ గోడ వెంబడి, నేల పైనే, క్లాంపులతో 2 అంగుళాల పీవీసీ పైపు తీసుకుపోతే తవ్వకం ఖర్చు ఉండదు. 40, 50 అడుగుల పైపు ధర ఒక్కసారి ట్యాంకు తీయించే ఖర్చుతో పోల్చదగినదే. మోటారుకు పైన, నీరు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు, దాని పక్కనే మోటారును సులువుగా ఊడదీయడానికి ఒక యూనియన్ ఉండాలి. పైపు చివర కాలువలో మునగకూడదు. కాలువ పొంగినప్పుడు ఉండే మట్టం కంటే పైకి లేపి, వంపు తిప్పి, ఎలుకలు దూరకుండా జాలీ వేయండి. కాలువ రోడ్డుకు అవతలి వైపు ఉంటే మాత్రం రోడ్డు కోయడానికి అనుమతి కావాలి. అందుకు మీ వార్డు కార్యాలయంలో అడగండి. పైన చెప్పిన పరీక్షలో నీరు తిరుగుడులో ఉందని తేలితే, మురుగు ఇంకించడం ఆగేదాకా ఆ ఊట మురుగుతో సమానమే. పిల్లలను ఆ నీటి దరికి రానివ్వకండి, దానితో మొక్కలు తడపకండి. ఇంకుడు గుంత మార్చాక కొన్ని వారాలకు వాసన పోయి తేటపడుతుంది. అప్పుడిక తోటకు, కారు కడగడానికి నిశ్చింతగా వాడుకోవచ్చు.

వాషింగ్ మెషీన్‌ను సెల్లార్ నుంచి పైకి మార్చండి. దాని నీరు మురుగే కాబట్టి కాలువలోకి పోకూడదు, పైన ఉంటే వాలుతోనే మురుగు లైనులో కలుస్తుంది. దాని గొట్టం చివర పీచు పట్టే జల్లెడ సంచి కట్టడం మరవకండి. సెల్లార్‌లో మరుగుదొడ్డి కట్టే ఆలోచన ఎప్పుడైనా ఉంటే, దానికి మూత, గాలి గొట్టం ఉన్న వేరే గుంత, మురుగు మోటారు పెట్టించి, ఒక్కో విడతకు కొద్ది లీటర్లే పోయేలా ఫ్లోట్ సర్దించి, ఇంటి మురుగు చాంబర్‌లోకి వదలాలి. ఊట గుంతతో దాన్ని కలపకూడదు.

తోడే నీటిని తగ్గించే పనులు కూడా ఉన్నాయి. డాబా వాన గొట్టాలు వెనుక గోడ మొదట్లోనే నీరు వదులుతున్నాయేమో చూడండి. చాలా ఇళ్లలో అదే జరుగుతుంది, పైపును ఇంటి ముందుకు పొడిగిస్తే ఊట కళ్లముందే తగ్గుతుంది. పెరటి ఎగువ అంచున కంకర నింపిన కాలువ తవ్వించి, రంధ్రాల పైపు వేసి, చుట్టూ వడపోత గుడ్డ పరిచి, వాలుతో పక్క నుంచి వీధి కాలువకు చేర్చితే కొండ నుంచి దిగే పై పొర నీరు సెల్లార్ దాకా రాదు. సెల్లార్ లోపలి గోడకు వాటర్‌ప్రూఫ్ పూత వేస్తామని వచ్చేవారిని మాత్రం ముందుగా నమ్మవద్దు. నీటి ఒత్తిడి బయటి నుంచి ఉంటుంది కాబట్టి లోపలి పూత ఒకటి రెండు వానలకే బొబ్బలెక్కి ఊడిపోయే అవకాశం ఎక్కువ.

ట్యాంకు మళ్లీ తీయించేది పైపు విడదీశాకే. ముందే తీయిస్తే డబ్బు వృథా. భారీ వానల మధ్య, నేల నానిపోయి ఉన్నప్పుడు పూర్తిగా ఖాళీ చేయించకండి. బయటి నీటి ఒత్తిడికి ఖాళీ ట్యాంకు, ముఖ్యంగా ఫైబర్ ట్యాంకు, పైకి లేచిపోవచ్చు, కట్టిన ట్యాంకు బీటలు వారవచ్చు. తీయించినప్పుడు అడుగున కొద్దిగా మడ్డి మిగిల్చితే కొత్త మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. ఊట నీరు రాని ట్యాంకుకు రెండు, మూడేళ్లకోసారి తీయించడం సరిపోతుంది. బండి గొట్టం అందని మూలలో మడ్డి ఉందనో, టీ (T) ఆకారపు పైపు పూడిందనో మనిషిని లోపలికి దించుతామంటే ఒప్పుకోవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది, గుంత అడుగునే నిలుస్తుంది, గాఢత పెరిగితే ముక్కుకు వాసన కూడా తెలియనివ్వదు. రక్షణ ఏర్పాట్లు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు, ఆ పని చేయించిన ఇంటి యజమానికీ అది వర్తిస్తుంది.

చివరిగా కరెంటు సంగతి. విశాఖలో అక్టోబరు వానలు, తుపాన్లు వచ్చేటప్పుడే కరెంటు పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక చాలా కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి మీకు తెలియనిది కాదు. 1 హెచ్‌పీ మోటారు ఆడుతున్నప్పుడే 750 వాట్ల పైచిలుకు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో అంతకు కొన్ని రెట్లు లాగుతుంది. ఇంట్లో ఫ్యాన్లకు, లైట్లకు పెట్టుకున్న 900 వీఏ ఇన్వర్టర్ దాన్ని లేపలేదు. ఎత్తు 8, 10 అడుగులే కాబట్టి అరహెచ్‌పీ మోటారు రెండోదిగా పెట్టుకుని, దానికి తగిన పెద్ద ఇన్వర్టర్‌నో చిన్న జనరేటర్‌నో చూసుకోండి. జనరేటర్‌ను సెల్లార్‌లో మాత్రం నడపకండి, దాని పొగ ప్రాణం తీస్తుంది. మోటారు లైనుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు ఉండాలి. ప్లగ్గు సెల్లార్ గోడకు ఛాతీ ఎత్తున కాకుండా మెట్ల పైన, రోడ్డు మట్టానికి మీద ఉండాలి. సెల్లార్ నేల మీదికి నీరు వచ్చిందంటే పైనున్న మెయిన్ ఆపాకే మెట్లు దిగండి, మోటారును ఎత్తవలసి వస్తే వైరు పట్టుకుని కాదు, దానికి ముందే కట్టి ఉంచిన నైలాన్ తాడు పట్టుకుని ఎత్తండి.